లాభం లేకుండా ఫైలు పంచుకున్నా నేరమేనా? ఆన్‌లైన్ పైరసీ చట్టాలు ఎక్కడ పుట్టాయి?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
కొత్త సినిమా వచ్చిన ప్రతి వారం వాట్సాప్‌లో రెండు మాటలు తిరుగుతుంటాయి. "పైరసీ సైట్లో చూసినా మూడేళ్లు జైలు" అనేది ఒకటి. "పైసా తీసుకోకుండా ఊరికే పంపితే ఏ కేసూ నిలవదు" అనేది రెండోది. రెండూ చట్టం పేరు చెప్పే తిరుగుతున్నాయి, రెండింటినీ నమ్మేవాళ్లున్నారు.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. మరి ఫైళ్లు పంచుకోవడాన్ని ఉద్దేశించి మొదటి చట్టం ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది, మన దగ్గరికి ఎట్లా చేరింది? తెలిసినవాళ్లు సెక్షన్లు, సంవత్సరాలతో చెప్తే ఈ దారాన్ని అందరికీ చూపించొచ్చు.

గండికోట_గోడ (కడప):
మొదలు వెతకాలంటే 1994 డిసెంబరు 28కి పోవాల. అమెరికాలో బోస్టన్ కోర్టు, లామాకియా కేసు.

ఎంఐటీలో చదివే 21 ఏళ్ల విద్యార్థి సైనోషూర్ అనే పేరుతో ఒక బులెటిన్ బోర్డు నడిపాడు. సభ్యులు సాఫ్ట్‌వేర్లు, కంప్యూటర్ ఆటలు అందులో ఎక్కిస్తారు, కావాల్సినవాళ్లు దించుకుంటారు. నడిచింది ఆరు వారాలే. కంపెనీలకు పది లక్షల డాలర్ల పైన నష్టమని ప్రభుత్వం లెక్క చెప్పింది. అయితే అతను ఎవరి దగ్గరా డాలరు తీసుకోలేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అమెరికాలో కాపీరైటు ఉల్లంఘన 1897లోనే నేరమైంది కానీ, దానికి రెండు షరతులు ఉండేవి: తెలిసి చేయాల, లాభం కోసం చేయాల. రెండోది ఇక్కడ లేదు. అందుకని ప్రాసిక్యూషన్ వాళ్లు కాపీరైటు సెక్షన్ పక్కనబెట్టి, తంతి ద్వారా మోసం (వైర్ ఫ్రాడ్) చేయడానికి కుట్ర అనే అభియోగం పెట్టారు. జడ్జి స్టెర్న్స్ కొట్టేశాడు. విద్యార్థి చేసిన పనిని ఆయన మెచ్చుకోలేదు. శిక్ష వేయాలనుకుంటే దానికి చట్టం రాయాల్సింది కాంగ్రెస్ అనీ, మోసం సెక్షన్‌ను సాగదీసి ఆ ఖాళీ పూడ్చలేమనీ అన్నాడు.

కాంగ్రెస్ 1997లో ఆ ఖాళీ పూడ్చింది. డిసెంబరు 16న సంతకమైన నెట్ (నో ఎలక్ట్రానిక్ థెఫ్ట్) చట్టం అదే. అందులో రెండు మార్పులు ముఖ్యం.

"ఆర్థిక లాభం" అనే మాటకు అర్థం పెంచారు. డబ్బే అక్కర్లేదు; నువ్వు ఒక ఫైలు ఇచ్చి ఇంకో ఫైలు తీసుకున్నా అది లాభమే. ఫైళ్ల మార్పిడి మీద గురిపెట్టి రాసిన మాట ఇది.

అసలు ఏ లాభమూ లేకపోయినా, 180 రోజుల్లో చేసిన నకళ్ల చిల్లర ధర మొత్తం 1,000 డాలర్లు దాటితే నేరమే. నకళ్లు పదికి, ధర 2,500 డాలర్లకు చేరితే మూడేళ్ల దాకా జైలు. ఈ చట్టం కింద మొదటి శిక్ష 1999లో పడింది, ఒరెగాన్ విశ్వవిద్యాలయం విద్యార్థికి.

ఆన్‌లైన్ ఫైల్ షేరింగ్ చట్టాల మొదలు ఏదని అడిగితే నేను చూపించేది దీన్నే. అంతవరకు చట్టం అమ్మేవాణ్ణి వెతికేది. ఇక్కడి నుంచి ఊరికే ఇచ్చేవాణ్ణి కూడా వెతకడం మొదలుపెట్టింది.

బురుజు_వకీలు (కర్నూలు):
గండికోట గారు చెప్పిన ఖాళీ మన చట్టంలో ఎప్పుడూ లేదు. హంద్రీ గారు అడిగిన రెండో మాటకు జవాబు ఇక్కడే ఉంది.

మన 63వ సెక్షన్ కాపీరైటును "తెలిసి ఉల్లంఘించినా, ఉల్లంఘనకు తోడ్పడినా" నేరం అంటుంది. లాభం అన్న మాట నేరాన్ని నిర్వచించే చోట లేదు. 1957లో శిక్ష ఏడాది దాకా మాత్రమే ఉండేది. వీడియో క్యాసెట్ల పైరసీ ముదిరాక 1984లో సవరించి కనీసం ఆరు నెలలు, గరిష్ఠం మూడేళ్లు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు చేశారు. రెండోసారి దొరికితే 63-ఏ కింద కనీసం ఏడాది, కనీస జరిమానా లక్ష.

లాభం మాట వచ్చేది శిక్ష దగ్గర. వ్యాపారంలో లాభం కోసం చేసింది కాకపోతే, తగిన ప్రత్యేక కారణాలు తీర్పులో రాసి, కోర్టు ఆరు నెలల కంటే తక్కువ జైలు, 50 వేల కంటే తక్కువ జరిమానా వేయొచ్చు. కాబట్టి "పైసా తీసుకోలేదు" అన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. నేరమే లేదనడానికి పనికిరాదు. ఈ తేడా తెలియక టెలిగ్రామ్ ఛానెళ్లు నడిపే కుర్రవాళ్లు గట్టి నమ్మకంతో ఉన్నారు. వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంకొకటి. ఈ నేరం బెయిలబులా కాదా అని చాలా ఏళ్లు గొడవ నడిచింది. "మూడేళ్ల దాకా" అన్న శిక్ష క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పట్టికలో ఏ వరుసలోకి వస్తుందనేది ప్రశ్న. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒకప్పుడు బెయిలబుల్ అంది. 2022 మే 20న నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. అంటే పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి కోసం ఆగకుండా కేసు కట్టొచ్చు, బెయిలు స్టేషన్లో దొరకదు. పాత తీర్పులు చదివి ఇప్పటికీ ధైర్యం చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాట వినొద్దు.

తుంగభద్ర_తీరం (కర్నూలు):
వకీలు గారూ, ఒక మాట. పోస్టర్ల మీద, థియేటర్ స్లైడ్లలో "పైరసీ దొంగతనం" అని రాస్తారు. చట్టం అట్లా అనలేదు. 1985లో డౌలింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దొంగసొత్తు చట్టం కింద కాపీరైటు నకళ్లను లాగకూడదంది. ఎందుకంటే దొంగతనంలో సొత్తు యజమాని చేయి దాటిపోతుంది, నకలు తీస్తే అతని దగ్గరున్నది అతని దగ్గరే ఉంటుంది. లామాకియా తీర్పు నిలబడిందే ఆ వాదన మీద. పేరు సరిగ్గా పెట్టకపోతే కొలత తప్పుతుంది. కొలత తప్పితే శిక్ష తప్పుతుంది. నేను పైరసీని సమర్థించేకి చెప్పడం లేదు.

బురుజు_వకీలు (కర్నూలు):
ఒప్పుకుంటాను. మన దగ్గర కూడా దొంగతనం సెక్షన్ వేరు, కాపీరైటు సెక్షన్ వేరు. ఫిర్యాదులో "మా సినిమా దొంగిలించారు" అని రాసేదాని కన్నా, 14వ సెక్షన్‌లో ఏ హక్కు పోయిందో రాయడం మేలు: నకలు తీసే హక్కా, ప్రజలకు అందించే హక్కా. కేసు నిలబడేది దాని మీదనే.

సప్తగిరి_నెట్ (అనంతపురం):
చట్టాలు ఎందుకు మారినాయో అర్థం కావాలంటే ఫైలు ఏ దారిన పోతా ఉండిందో చూడాల. ప్రతి తీర్పు వెనక ఒక నెట్‌వర్క్ డిజైను ఉండాది, ప్రతి డిజైను వెనక ముందు తీర్పు ఉండాది.

పాటలు పంచుకునే సాఫ్ట్‌వేరు నాప్‌స్టర్, 1999 జూన్. పాట నీ కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కు నేరుగా పోతాది. కానీ "ఎవరి దగ్గర ఏ పాట ఉంది" అనే పట్టీ మాత్రం నాప్‌స్టర్ సర్వర్లో ఉండేది. ఆ పట్టీ వల్లే అది వేగంగా పనిచేసింది, ఆ పట్టీ వల్లే కోర్టుకు చిక్కింది. వాళ్లు 1984 నాటి బీటామాక్స్ (సోనీ వీడియో రికార్డర్) కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చూపించినారు: సక్రమంగా వాడుకునే వీలు గట్టిగా ఉన్న పరికరాన్ని అమ్మినందుకు తయారీదారును బాధ్యుణ్ణి చేయరాదు, 5-4 తేడాతో వచ్చిన తీర్పు. 2001 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఏమందంటే, వీడియో రికార్డర్ అమ్మినాక కంపెనీకి దాని మీద పట్టు ఉండదు, మీకు మాత్రం పట్టీ రోజూ చేతిలోనే ఉంది, ఏం జరుగుతా ఉందో తెలుసు, ఆపే వీలూ ఉంది అని. జులైలో మూతపడింది.

దాన్ని చూసి పట్టీని తీసేసినారు. నూటెల్లా 2000 మార్చిలోనే వచ్చింది. దాని సొంతదారైన ఏఓఎల్ మరుసటి రోజే వెనక్కి తీసుకున్నా అప్పటికే బయటికి పాకిపోయింది. అందులో మధ్య సర్వరే లేదు. నీ ప్రశ్న పక్కవాడికి, వాడు తన పక్కవాళ్లకు, అట్లా ఏడు మెట్ల దాకా పోతాది. జనం పెరిగేకొద్దీ ప్రశ్నల రద్దీతోనే నెట్‌వర్క్ ఊపిరాడక ఆగిపోతాది. అందుకే కజా లాంటివి మధ్యేమార్గం పట్టినాయి, బలమైన కంప్యూటర్లను సూపర్‌నోడ్లుగా పెట్టి పట్టీని వాటికి పంచినాయి. పట్టీ కంపెనీ చేతిలో లేదు, అయినా వెతుకులాట నడుస్తాది.

బిట్‌టోరెంట్, 2001. ఫైలును ముక్కలు చేస్తాది, సాధారణంగా ఒక్కో ముక్క 256 కేబీ నుంచి 4 ఎంబీ. ప్రతి ముక్కకూ షా-1 ముద్ర (ముక్కలోని డేటా నుంచి లెక్కగట్టే గుర్తు, హాష్ అంటారు), 20 బైట్లు. ముక్క చేరగానే ముద్ర సరిచూస్తాది, తేడా వస్తే పారేసి మళ్లీ తెచ్చుకుంటాది. చట్టానికి సంబంధించిన అసలు విషయం ఇది: నీకు చేరిన ముక్కను నువ్వు వేరేవాళ్లకు ఇస్తూ ఉంటావు. దించుకోవడం, పంచడం రెండూ ఒకే పని అయిపోయినాయి. "నేను దించుకున్నానంతే" అనే మాట టోరెంటుకు వర్తించదు. పైగా గుంపులో ఉన్న ప్రతి ఒక్కరి ఐపీ చిరునామా మిగతా అందరికీ కనపడతాది. హక్కుదారు పెట్టిన నిఘా కంపెనీ కూడా ఆ గుంపులో ఒకటి కావచ్చు.

గండికోట_గోడ (కడప):
సప్తగిరన్న చెప్పిన దానికి చట్టం వైపు నుంచి రెండు చేర్పులు.

1998లో అమెరికా తెచ్చిన కాపీరైటు చట్టం డీఎంసీఏ చాలా ముఖ్యం, ఎందుకంటే అది గురిని మూడోవాడి మీదికి మార్చింది. మొదట అమ్మేవాడు, నెట్ చట్టంతో పంచేవాడు, ఇప్పుడు మధ్యలో ఉండేవాడు. 1996 డిసెంబరు 20న జెనీవాలో వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) ఒప్పందాలు రెండు కుదిరినాయి. నకలు తీయకుండా ఫైలుకు వేసిన డిజిటల్ తాళం పగలగొట్టడాన్ని అడ్డుకునే చట్టం ప్రతి దేశంలో ఉండాలన్నది వాటి షరతు. డీఎంసీఏ ఆ షరతు తీర్చింది. దాంతోపాటే 512వ సెక్షన్‌లో ఇంటర్నెట్ కంపెనీలకు ఒక బేరం ఇచ్చింది: నోటీసు రాగానే తీసేస్తే మీ మీద నష్టపరిహారం పడదు. ఇప్పుడు యూట్యూబ్‌లో కనపడే కాపీరైటు ఫిర్యాదు ఫారం ఆ సెక్షన్ బిడ్డే.

రెండోది 2005 జూన్ 27, ఫైళ్లు పంచే గ్రోక్‌స్టర్ మీద అమెరికా సుప్రీంకోర్టు తీర్పు, తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలదీ ఒకే మాట. పట్టీ చేతిలో లేకపోయినా, ఉల్లంఘనకు ఉసిగొల్పితే బాధ్యత తప్పదన్నారు. నాప్‌స్టర్ వదిలిన జనాన్ని రండి అని పిలిచినారు, వడపోత పెట్టే ప్రయత్నం చేయలేదు, వాడకం పెరిగితే ప్రకటనల రాబడి పెరిగే ఏర్పాటు చేసుకున్నారు. ఈ మూడూ కలిపి చూసి ఉద్దేశం తేల్చినారు. డిజైను ఏదైనా ఉద్దేశం అడిగే పద్ధతి అక్కడ స్థిరపడింది.

మన దేశం ఆ వైపో ఒప్పందాల్లో చేరింది 2018లో. కానీ చట్టాన్ని ముందే, 2012లో సవరించుకున్నాం. తాళం పగలగొట్టడానికి 65-ఏ, హక్కుల సమాచారం చెరిపేస్తే 65-బీ, రెండింటికీ రెండేళ్ల దాకా జైలు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. ఇక మొదటి మాట మిగిలింది. "చూసినా జైలు" అనేది ఎక్కడి నుంచి వచ్చింది?

బురుజు_వకీలు (కర్నూలు):
అది కోర్టు ఉత్తర్వుతో మూసిన సైట్ల మీద కనపడిన హెచ్చరిక నుంచి వచ్చింది. 2016లో అందులో చూడటం, దించుకోవడం, ప్రదర్శించడం, నకలు తీయడం అన్నీ ఒకే తాటిన కట్టి, మూడేళ్లు జైలు, మూడు లక్షల జరిమానా అన్నట్టు రాశారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టులో జస్టిస్ గౌతమ్ పటేల్ దాన్ని సరిచేయించారు. ఊరికే చూడటం నేరం కాదు, అనుమతి లేకుండా పంపిణీ, బహిరంగ ప్రదర్శన, అమ్మకం, అద్దె అయితేనే నేరమని చెప్పారు. దిద్దుబాటు వచ్చింది కానీ పాత సందేశం ఫోటో ఇప్పటికీ తిరుగుతోంది.

దించుకోవడం మాత్రం వేరే లెక్క. డౌన్‌లోడ్ అంటే నకలు తయారు చేయడం, అది హక్కుదారు హక్కు. 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి న్యాయమైన వినియోగం అనే మినహాయింపు ఉంది. దాన్ని పైరసీ నకలుకు కప్పుకోవచ్చని ఏ వకీలూ హామీ ఇవ్వలేడు. టోరెంటుకైతే సప్తగిరి గారు చెప్పిన కారణం వల్ల ఆ మినహాయింపు దగ్గరికి కూడా రాదు, అక్కడ పంపిణీ జరుగుతోంది. 2012 సవరణ తర్వాత "ప్రజలకు అందించడం" అంటే ఎవరికి వీలైన చోట, వీలైన సమయంలో చూసుకునేలా పెట్టడం కూడా. ఎవరైనా నిజంగా చూశారా లేదా అన్నదానితో పనిలేదు.

తుంగభద్ర_తీరం (కర్నూలు):
మామూలు జనం మీద కేసులు పెట్టిన చరిత్ర కూడా ఇక్కడ ఉండాలి. అది ఎక్కడికి పోయిందో తెలిస్తేనే మన దగ్గర అట్లాంటిది వద్దనేకి బలం వస్తుంది.

2003 సెప్టెంబరు 8న అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఒకే రోజు 261 మంది మీద దావాలు వేసింది. 2008 చివర ఆపేదాకా 30 వేల మందికి పైగా ఆ వలలో పడ్డారు. పోలిక చూడండి. మిన్నెసోటాలో ఒక మహిళకు 24 పాటలకు మొదట 2,22,000 డాలర్లు పడింది, పాటకు 9,250. రెండో విచారణలో జ్యూరీ 19 లక్షల 20 వేల డాలర్లన్నది, మూడోసారి 15 లక్షలన్నది, చివరికి 2012లో అప్పీలు కోర్టు మళ్లీ 2,22,000 దగ్గరికే తెచ్చింది. ఇంత ఊగిసలాట ఎందుకంటే అక్కడి చట్టంలో నష్టాన్ని రుజువు చేయాల్సిన పనిలేదు. ఒక్కో కృతికి 750 నుంచి 30 వేల డాలర్లు, కావాలని చేస్తే లక్షన్నర దాకా జ్యూరీ ఇష్టం. మన కాపీరైటు చట్టంలో అట్లాంటి పట్టిక లేకపోవడం నాకు పెద్ద ఊరట.

ఫ్రాన్స్ 2009లో ఇంకో దారి పట్టింది. హడోపి చట్టం: రెండు హెచ్చరికలు, మూడోసారి కనెక్షన్ కట్. జూన్‌లో రాజ్యాంగ మండలి అడ్డుకుంది, ఇంటర్నెట్ అందడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమనీ, దాన్ని కోసేసే అధికారం కోర్టుకే ఉండాలనీ. జడ్జి చేతికి ఇచ్చి మళ్లీ చట్టం తెచ్చారు, 2013లో కట్ చేసే శిక్షనే తీసేశారు.

సప్తగిరి_నెట్ (అనంతపురం):
ఆ ఫ్రాన్స్ చట్టంలో గమనించాల్సిన తెలివి ఒకటుంది. ఐపీ చిరునామా మనిషిని చూపించదు, కనెక్షన్‌ను చూపిస్తాది. అందుకే వాళ్లు "నువ్వు పంచినావు" అనే నేరం వదిలేసి, "నీ కనెక్షన్‌కు కాపలా పెట్టలేదు" అనే నిర్లక్ష్యాన్ని తప్పు చేసినారు, 1,500 యూరోల దాకా జరిమానా.

మన దగ్గర అది ఇంకా కష్టం. చిన్న ప్రొవైడర్లు ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతారు. ఒక ఐపీకి పోర్టులు (ఒకే చిరునామా మీద కనెక్షన్లను వేరు చేసే నంబర్లు) 65,536. మొదటి 1,024 పక్కన పెడితే 64,512 మిగులుతాయి. మనిషికి 1,008 పోర్టుల చొప్పున ఇస్తే 64 ఇళ్లు ఒకే చిరునామా వెనకాల ఉన్నట్టు. నోటీసులో ఐపీ, తేదీ మాత్రమే ఉంటే ఆ 64 ఇళ్లలో ఎవరిదో చెప్పేకి కాదు. సోర్స్ పోర్టు, సెకన్లతో సహా సమయం కావాల.

సమయం దగ్గర జరిగే తప్పు ఇంకోటి. విదేశీ నిఘా కంపెనీల లాగ్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంటాది, మనది దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. నోటీసులో "రాత్రి 8:40" అని ఉంటే మన లాగ్‌లో చూడాల్సింది మరుసటి రోజు వేకువ 2:10. తేదీ మారిపోతాది. ఆ ఐదున్నర గంటలు కలపకుండా వెతికితే దొరికేది వేరే ఇల్లు. లైసెన్సు ప్రకారం లాగులు రెండేళ్లు దాచాల, కాబట్టి రికార్డు దొరుకుతాది. తప్పు చదివితేనే ప్రమాదం.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో చూపించినారు, ప్రింటర్ల ఐపీల మీద కూడా పైరసీ నోటీసులు తెప్పించినారు. నిఘా కంపెనీలు ట్రాకర్ (గుంపులో ఎవరున్నారో చెప్పే సర్వర్) ఇచ్చిన పట్టీని నమ్మి, ఆ చిరునామా నుంచి ఒక్క ముక్క కూడా తెచ్చుకొని చూడకుండా నోటీసు పంపడమే కారణం. ఏ నోటీసు వచ్చినా మొదటి ప్రశ్న ఇదే అడగాల: మీరు మా చిరునామా నుంచి ముక్క తీసుకున్నారా, దాని ముద్ర ఏది?

మోడరేటర్:
పైరసీ సైట్ల పేర్లు, మూసినవాటిని తెరిచే దారులు అడిగిన రెండు పోస్టులు తీసేశాం. చట్టం, సాంకేతికత మీద చర్చ కొనసాగించండి.

పుష్పగిరి_దారి (కడప):
ఇంతవరకు పెద్ద కంపెనీల సంగతే నడిచింది. కడపలో, ప్రొద్దుటూరులో, అనంతపురంలో షార్ట్ ఫిల్ములు, జానపద పాటలు సొంత డబ్బుతో చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ల వీడియోను ఇంకో ఛానెల్ దించుకొని తన పేరుతో ఎక్కిస్తే, ముంబై కంపెనీలాగా హైకోర్టుకు పోయే శక్తి లేదు. ఈ చట్టాల్లో వాళ్లు వాడుకోగలిగింది ఏముంది? మెట్టు మెట్టుగా చెప్పండి సార్.

బురుజు_వకీలు (కర్నూలు):
అమ్మా, చాలా అవసరమైన ప్రశ్న. ముందు ఖర్చు లేని దారి.

వీడియో అమెరికా కంపెనీ వేదికల మీద ఉంటే డీఎంసీఏ 512వ సెక్షన్ నోటీసు పంపాలి. ఆరు విషయాలు ఉండాలి: మీ సంతకం, మీ కృతి ఏది, ఉల్లంఘన ఎక్కడుంది (ఛానెల్ పేరు చాలదు, ఆ వీడియో లింకే ఇవ్వాలి), మీ చిరునామా, ఇది అనుమతి లేని వాడకమని చిత్తశుద్ధితో నమ్ముతున్నానన్న ప్రకటన, సమాచారం నిజమనీ హక్కుదారు తరఫున అడిగే అధికారం నాకుందనీ ప్రకటన. కోర్టుకు పోనక్కర్లేదు. అవతలివాడు ఎదురు నోటీసు ఇస్తే, 10 నుంచి 14 పనిదినాల్లో మీరు దావా వేసినట్టు చూపకపోతే వీడియో మళ్లీ పెడతారు. అయితే ఎదురు నోటీసు ఇచ్చేవాడు అమెరికా కోర్టు అధికారానికి ఒప్పుకుంటున్నానని రాయాలి, అందుకని అబద్ధం ఆడేవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు.

మన చట్టంలో దారి 52(1)(సీ), దాని కింద 2013 కాపీరైటు నియమాల్లో 75వ నియమం. రాతపూర్వక ఫిర్యాదు అందిన 36 గంటల్లో ఆ నకలు అందకుండా చేయాలి. ఫిర్యాదులో కృతి వివరం, మీరే హక్కుదారు అనడానికి ఆధారం, అది ఉల్లంఘన అనీ 52వ సెక్షన్ మినహాయింపుల్లోకి రాదనీ చూపే వివరం, అది ఉన్న చోటు, ఎక్కించినవాడు తెలిస్తే వాడి వివరం ఉండాలి. వీటన్నిటికీ మించి ఒక హామీ ఉండాలి: నోటీసు అందిన రోజు నుంచి 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఉత్తర్వు తేకపోతే వీడియో తిరిగి పెట్టేయొచ్చు, పైగా అదే చోట ఉన్న అదే నకలు మీద మీరు మళ్లీ పంపే నోటీసును పట్టించుకోనక్కర్లేదు. కాబట్టి దావా కాగితాలు సిద్ధం చేసుకున్నాకే 75వ నియమం నోటీసు పంపండి. కోపంలో ముందు పంపేస్తే ఉన్న ఒక్క అవకాశం పోతుంది.

దావాకు ముంబై, ఢిల్లీ పోనక్కర్లేదు. 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే వేయొచ్చు. కాపీరైటు రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది, ఉంటే రుజువు తేలిక.

అనుమానంతో ఎవరినీ బెదిరించొద్దు. ఆధారం లేకుండా చట్టపరమైన చర్య తీసుకుంటామని బెదిరిస్తే, 60వ సెక్షన్ కింద వాళ్లే మీ మీద దావా వేయొచ్చు.

పుష్పగిరి_దారి (కడప):
హక్కుదారు అనడానికి ఆధారం అంటే ఏం దాచుకోవాల? ఎడిటింగ్ అయినాక చివరి ఫైలు ఒక్కటే ఉంచి మిగతావి చెరిపేసేవాళ్లే ఎక్కువ, డిస్కుల ఖర్చు భరించలేక.

సప్తగిరి_నెట్ (అనంతపురం):
అక్కా, చివరి ఫైలు ఒక్కటే ఉంటే నీ దగ్గరా అదే, దొంగ ఛానెల్ దగ్గరా అదే. కెమెరా నుంచి వచ్చిన ముడి ఫైళ్లు దాచాల, అన్నీ కుదరకపోతే ప్రతి సన్నివేశానికి ఒకటైనా. వాటిలో తీసిన సమయం, కెమెరా వివరాలు ఉంటాయి. ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు చిన్నది, అది తప్పకుండా. వీడియో విడుదలకు ముందు చివరి ఫైలు హాష్ తీసి నీకు నువ్వే మెయిల్ చేసుకో, తేదీ దానంతట అదే పడతాది. ఫైలును మళ్లీ కంప్రెస్ చేస్తే హాష్ మారిపోతాది, అందుకే హాష్ తీసిన అసలు ఫైలును కదిలించకుండా అట్లే ఉంచాల.

వాట్సాప్‌లో పంపిన నకలు ఆధారంగా పెట్టుకోవద్దు. వీడియోగా పంపితే అది కంప్రెస్ చేస్తాది, లోపలి వివరాలు పోతాయి.

బురుజు_వకీలు (కర్నూలు):
దానికి తోడు కాగితాలు. కెమెరామన్, సంగీతం చేసినవాళ్లతో హక్కుల గురించి రాతపూర్వక ఒప్పందం. బదిలీ పత్రంలో కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అది 19వ సెక్షన్. విదేశీ వేదిక మీద ఉల్లంఘన అయినప్పుడు ఈ ఒక్క వాక్యం లేక ఇబ్బంది పడతారు. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయించుకోండి.

తుంగభద్ర_తీరం (కర్నూలు):
సైట్ల మూసివేత సంగతి కూడా తేల్చండి. 2012లో మద్రాసు హైకోర్టు ఉత్తర్వుతో మొత్తం వీడియో సైట్లే మూతపడినాయి కదా.

గండికోట_గోడ (కడప):
అవును. అప్పటి ఉత్తర్వు పేరు తెలియని ప్రతివాదుల మీద ఇచ్చింది, మన కోర్టుల్లో "అశోక్ కుమార్" ఉత్తర్వు అంటారు. 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రసారాల కోసం ఢిల్లీ హైకోర్టు కేబుల్ ఆపరేటర్ల మీద ఇచ్చింది మొదలు. 2012లో ప్రొవైడర్లు భయపడి సైట్లకు సైట్లు మూసేసినారు, ఏ తప్పూ లేని వీడియో వేదికలు కూడా పోయినాయి. జూన్‌లో కోర్టే వివరణ ఇచ్చింది, ఫలానా లింకు వరకే మూయాలని.

సప్తగిరి_నెట్ (అనంతపురం):
ఆ వివరణ మంచిదే, కానీ ఇప్పుడు అమలు చేసేకి కాదు. అప్పట్లో సైట్లు చాలావరకు హెచ్‌టీటీపీ. ఇప్పుడు అన్నీ హెచ్‌టీటీపీఎస్, ప్రొవైడర్‌కు సైటు పేరు వరకే కనపడతాది, దాని తర్వాత ఉన్న లింకు తాళం లోపల ఉంటాది. కాబట్టి ఒక్క పేజీ మూయాలంటే సైటు నడిపేవాడే మూయాల. ప్రొవైడర్ మూస్తే మొత్తం పేరే మూస్తాడు, సైటు పేరును ఐపీగా మార్చే డీఎన్‌ఎస్‌లోనో, కనెక్షన్ మొదట్లో సైటు పేరు కనపడే ఎస్‌ఎన్‌ఐ అనే చోటనో. ఐపీ చిరునామా మూయడం అన్నిటికన్నా చెడ్డది, ఒకే ఐపీ మీద వందల సైట్లు ఉంటాయి, బడి వెబ్‌సైటు కూడా పోతాది.

బురుజు_వకీలు (కర్నూలు):
అందుకే 2019 ఏప్రిల్ 10న యూటీవీ కేసులో ఢిల్లీ హైకోర్టు సైటు మొత్తాన్ని మూయడానికి గీటురాళ్లు పెట్టింది. సైటు ముఖ్య ఉద్దేశమే ఉల్లంఘనా, నడిపేవాడు పేరు దాచాడా, నోటీసులు పట్టించుకోలేదా, వేరే కోర్టులు ఇదివరకే మూశాయా. మంచీ చెడూ కలిసి ఉన్న సైటుకు ఇది వర్తించదు. మూసిన సైటు పేరు మార్చుకొని అద్దంలో బొమ్మలా మళ్లీ వస్తే, కొత్త దావా అక్కర్లేదు, జాయింట్ రిజిస్ట్రార్ ముందు అఫిడవిట్ వేసి చేర్చుకోవచ్చు. డైనమిక్ ఇంజంక్షన్ అంటే ఇదే. 2023 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, ఇంకా తయారుకాని సినిమాలకు కూడా రక్షణ ఇచ్చారు. ఆ రెండో అడుగు నాకు కాస్త ఆందోళనగానే ఉంది. పుట్టని కృతికి ముందే ఉత్తర్వు ఇస్తే, తప్పుగా మూతపడిన సైటు మాట వినేవాళ్లెవరు?

గండికోట_గోడ (కడప):
థియేటర్లో కెమెరా సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తా. అమెరికాలో 2005లో నేరమైంది. మన దగ్గర 2023 సినిమాటోగ్రాఫ్ సవరణతో 6-ఏఏ, 6-ఏబీ వచ్చినాయి: మూడు నెలల నుంచి మూడేళ్లు, జరిమానా కనీసం 3 లక్షలు, ఎక్కువంటే ఆడిట్ చేసిన నిర్మాణ ఖర్చులో 5 శాతం. పెద్ద సినిమాకు ఆ 5 శాతం కోట్లలో ఉంటుంది. అదే సవరణ కింద కేంద్రం నవంబరులో నోడల్ అధికారులను పెట్టింది, ఫిర్యాదు మీద 48 గంటల్లో చర్య అని ప్రకటించింది.

పట్టుకునేది ఎట్లా అని అడుగుతారు గదా. డిజిటల్ ప్రొజెక్టర్ ప్రమాణంలో కంటికి కనపడని ముద్ర ఉంది, 35 బిట్లు: సమయానికి 16, స్థలానికి 19. సమయం పావుగంటకోసారి మారుతుంది. దొరికిన కాపీలో ఐదు నిమిషాల వీడియో ఉంటే చాలు, ఏ థియేటర్, ఏ ఆట అన్నది బయటపడుతుంది. కర్నూల్లో మార్నింగ్ షో తీసినా, అనంతపురంలో సెకండ్ షో తీసినా తేడా తెలుస్తుంది. ఎవరు తీసినారో మాత్రం అది చెప్పదు.

పుష్పగిరి_దారి (కడప):
21 రోజుల లెక్కలో చివరి అనుమానం సార్. నోటీసు మెయిల్‌లో పంపితే అందిన రోజు ఏదని రుజువు?

బురుజు_వకీలు (కర్నూలు):
వేదిక పంపే రసీదు మెయిల్ దాచండి, అందులో ఉన్న తేదీ నుంచి లెక్క. అది రాకపోతే అదే ఫిర్యాదును కంపెనీ ఫిర్యాదుల అధికారి చిరునామాకు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. ఆ రుజువు మీద పడిన తేదీ కోర్టులో చెల్లుతుంది. దావాతో పాటు మధ్యంతర ఉత్తర్వు కోసం అర్జీ అదే రోజు వేయండి. అసలు దావా 21 రోజుల్లో తేలదు, మీకు ఆలోపు కావాల్సింది ఆ మధ్యంతర ఉత్తర్వే.